పానం బాగలేదు

మర్రిగూడ దవఖానల చీటీలు రాస్తుంట.
కొత్త డాక్టరమ్మ మొహంతి ఒడిశా నుంచి వచ్చింది,
తెలుగు ముక్క రాదు.
ఏం ఫికర్ లేదు, ఫోనున్నదన్నరు పైవాళ్లు.
మనం మాట్లాడేది విని ఆమెకు ఇంగ్లీషుల అందిస్తదట,
ఆమెది మనకు తెలుగుల.

మొదటి సోమారం, మొదటి చీటీ కట్ట ఇద్దమ్మది.
బోరునీళ్లు కొరికిన పండ్లు,
వంచితే లేవని, లేస్తే వంగని నడుము.
ఫోనును అటూ ఇటూ తిప్పి, నోరెక్కడుందో దొరకక
నడుమల ఊదినట్టు చెప్పింది:
"పానం బాగలేదు బిడ్డా."

తెర మీద చుక్కలు తిరిగినయి.
డాక్టరమ్మ మొఖం మారింది.
ఫోను వార్తల గొంతుతోటి అడిగింది:
"మీరు ఎంతకాలంగా మద్యం సేవిస్తున్నారు?"

ఇద్దమ్మ నా దిక్కు తిరిగింది.
"ఏమంటున్నదిరా ఇది?"
తెలుగుల వచ్చిన తెలుగును
నేను మల్ల తెలుగు చేసిన.
ముసల్ది నవ్వలే, కోపం చెయ్యలే.
"పానం ఎన్నేండ్ల సందా? పుట్టినకాడికెల్లి," అన్నది.

దూపైతుంది, ఎంత తాగినా ఆర్తలేదన్నది.
ఇంట్ల ధూపం వెయ్యొద్దని రాసిచ్చింది డాక్టరమ్మ.
తప్పు ఎవరి మీద పెడ్తం?
దానికి చదివించిన పుస్తకాలల్ల పొగ ఉన్నది,
మా గొంతు ఎండుడు లేదు.

"అన్నిటికి మించి, యాష్టకొచ్చిందమ్మా."
ఈసారి ఫోను ఆ మాటను ముట్టలే.
ఇంగ్లీషు వరుస నడుమ
యాష్టను యాష్టగనే వదిలేసింది
బియ్యంల వడ్లగింజ లెక్క.

డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది: ఇదేంది?
నాకొచ్చిన హిందీల మొదలువెట్టిన.
అలుపు కాదు, అలుపైతే పండుకుంటే పోతది.
విసుగు కాదు, విసుగుల ఇంక జర కోపం మిగిలుంటది.
ఆఖరికి మా నాయినను చెప్పిన.
రాత్రి రెండింటికి కరెంటొస్తదని బాయికాడ కూసుంటడు.
వస్తది. మోటరు మొత్తుకుంటది, బోరు గాలి పోస్తది.
మోటరును తిట్టడు, దేవుణ్ని తిట్టడు.
దుప్పటి మడుస్తడు మేడమ్.
ఆ మడుసుడున్నది సూడున్రి, అది.

ఆమె చానాసేపు కలం మూతి కొరికి
వాళ్ల ఒడియాల ఒక మాటన్నది, తనకు తనే.
నాకు తెల్వలే. ఫోను తెల్లమొఖం ఏసింది.
ఇద్దమ్మ మాత్రం తలూపింది.

వానలు పడ్డంక ఫోను కొత్తగైంది.
ఇప్పుడు దానికి పానం తెలుసు,
దూపంటే నీళ్ల కోసమని తెలుసు.
అబద్ధమెందుకు, సంబురమైంది.
ఎక్కడో ఏ ఇద్దమ్మలో
పైసకో మాట చొప్పున చెప్పి ఉంటరు దానికి,
దూప దూప అని
నోరెండేదాక.

పోయిన సోమారం ఇద్దమ్మ
డాక్టరమ్మ చెయ్యి పట్టుకొని,
"పానమంత నీ మీదనే పెట్టుకొని వచ్చిన" అన్నది.
ఫోను చెప్పింది: నా ఆరోగ్యం మొత్తం మీపై ఉంచి వచ్చాను.
తప్పనరాదు.
ఒప్పననీకి నోరు రాదు.

యాష్ట మాత్రం రోజుకో తీరు.
ఒకనాడు విసుగు, ఒకనాడు అలసట,
మొన్న అనాసక్తి అన్నది.
కింద ఒక మీట ఉంటది, సరిదిద్దండి అని.
వేలు పెడ్త, తీస్త.
ఏమని రాయాలె?

ఇయ్యాల నాయినకు తోడు నేను గూడ బాయికాడికొచ్చిన.
రెండు దాటింది. కరెంటొచ్చింది.
బోరు రెండు తడవలు దగ్గి ఊకున్నది.
నాయిన లేసి దుప్పటి దులిపి
అంచుకు అంచు కలుపుతున్నడు.
జేబులకెల్లి ఫోను తీసి
ఆ సప్పుడు దిక్కు పట్టిన.
చుక్కలు తిరిగినయి, తిరిగినయి.
"దయచేసి మళ్లీ చెప్పండి," అన్నది.

చీకట్ల నాయిన ఆగి,
"ఎవర్రా అది?" అన్నడు.